లైనంటే ఏ లైను?

పోయిన నెలలో ఒక రోజు పొద్దున్నే అరకు నుంచి మా చిట్టత్త ఫోన్ చేసింది. చిట్టత్త మా నాన్నకి ఒక్కగానొక్క చెల్లెలు. డెబ్బై దాటి చాలా ఏళ్ళయింది గాని, గొంతు మాత్రం ఇప్పటికీ సంతలో పనసకాయలు బేరమాడే గొంతే. నాకు వినికిడి కొంచెం తగ్గిందని మా ఇంట్లో నా ఫోను ఎప్పుడూ స్పీకర్లోనే ఉంటుంది. కాబట్టి ఆవిడ చెప్పిన కబురు నాతో పాటు కాఫీ తాగుతున్న మా అమ్మాయీ, కాలేజీకి తయారవుతున్న మనవరాలూ కూడా విన్నారు. "ఒలే సత్తీ, లైను కొట్టేత్తన్నారే. సూత్తానంటే బేగి రా. ఆనక నన్నంటే నాను పడను" అని చెప్పి, నేను బదులిచ్చేలోగా పెట్టేసింది. మనవరాలు దువ్వెన పట్టుకొని అలాగే నిలబడిపోయి, "అమ్మమ్మా, ఆ ముసలావిడకి ఈ వయసులో లైను కొడుతున్నదెవరు?" అని అడిగింది. మా అమ్మాయికి కాఫీ పొలమారింది.

వాళ్ళని ఏమనడానికీ లేదు. నేను ఉద్యోగం చేసినన్నాళ్ళూ హైస్కూల్లో ఇంగ్లీషే చెప్పాను. ఆ ఒక్క మాటకి నిఘంటువులో పేజీ తిప్పినా తరగని అర్థాలున్నాయి. గీత, బారు, తీగ, దారి, పద్యపాదం, వంశం అని నేను బోర్డు మీద రాసుకుంటూ పోతే, చివరి బెంచీ వాళ్ళు తమకి తెలిసిన అర్థం ఒకటి గుసగుసగా చెప్పుకొని నవ్వేవారు. అది వినబడనట్టు ఉండడం కూడా టీచరు ఉద్యోగంలో భాగమే. కాని ఆ మాట నాకు మొదట తగిలింది నిఘంటువులోనూ కాదు, చివరి బెంచీలోనూ కాదు. నాకు బుద్ధి తెలిసిందే లైన్లో. బొర్రా దాటాక, అరకు ఇంకా రాకముందు, రెండు సొరంగాల మధ్య ఒక చిన్న స్టేషనుంది. మా నాన్న అక్కడ అసిస్టెంట్ స్టేషన్ మాస్టారు, అందరికీ చిన్న మాస్టారు. పట్టాలకి పైన, కొండ వాలులో, ఒకే కప్పు కింద వరసగా కట్టిన క్వార్టర్లని లైను అనేవారు. ఇప్పుడు పట్టాల పక్కన రెండో లైను వేస్తున్నారట. దానికి మా లైను అడ్డొచ్చింది. అందుకని కొట్టేస్తున్నారు. లైను కోసం లైను కొట్టేస్తున్నారన్నమాట. ఈ వాక్యం ఏ ఊళ్ళో చెప్పినా పిచ్చిదాన్ని చూసినట్టు చూస్తారు, మా స్టేషన్లో తప్ప.

మర్నాడే విశాఖలో కిరండూల్ పాసింజరెక్కాను. అద్దాల పెట్టె నిండా టూరిస్టులు. సొరంగం వచ్చినప్పుడల్లా కేకలు పెట్టి, వెలుగు రాగానే ఫోనుల్లో తమ మొహాలే చూసుకుంటున్నారు. నేను మామూలు పెట్టెలో కిటికీ పక్కన కూర్చున్నాను. కొత్తవలస దాటి, శృంగవరపుకోట దాటి, బండి కొండెక్కడం మొదలు పెట్టగానే ఆ వాసన వచ్చింది. తడిసిన రాయి, బ్రేకుల ఇనుము, ఎక్కడో కాలుతున్న ఆకులు కలిసిన వాసన. దాన్ని పీలుస్తూ కూర్చుంటే ఎదురు సీటు అమ్మాయి, "ఆంటీ, మీకు ఆయాసమా?" అని కంగారు పడింది.

మా లైన్లో మొదటి ఇల్లు మాది. మాస్టారి ఇల్లని దానికి ఒక గది ఎక్కువ, గుమ్మం ముందు రెండు మెట్లు ఎక్కువ. మా తర్వాత పట్టాలు మార్చే పాయింట్‌మేన్ ఇల్లు, ఆ తర్వాత గ్యాంగ్‌మెన్ ఇళ్ళు, చివర ఒంటిగది. పొద్దున్న లేస్తే అన్ని ఇళ్ళ పొయ్యిల పొగా కలిసి ఒకే దారిన కొండ మీదకి పోయేది. ఎవరింట్లో చోడి అంబలి కాగుతోందో, ఎవరింట్లో వెదురు కొమ్ముల కూర మాడిందో ముక్కుతోనే చెప్పేవాళ్ళం. అమ్మకి ఆ లైన్లో ఉన్న ఒకే ఒక్క శత్రువు ఇనుపరాయి బండి. పై నుంచి ఎర్రరాయి నింపుకొని దిగే గూడ్సు అది. అది వస్తోందని గంట వినబడితే చాలు, లైన్లో ఆడవాళ్ళందరూ దండేల మీది బట్టలు లాక్కొని లోపలికి పరిగెత్తేవారు. ఆలస్యమైతే నాన్న తెల్ల యూనిఫాం కాస్తా కావిరంగు తేలేది. "మీ ఆయన మాస్టారా, స్వాములోరా?" అని పాయింట్‌మేన్ భార్య నూకాలమ్మ అమ్మని ఆటపట్టించేది.

అక్కడ లైను అన్న మాట రోజుకి ఎన్ని వేషాలు వేసేదో చెప్పలేను. పట్టాలూ లైనే, ఇళ్ళూ లైనే, స్తంభాల మీది ఫోను తీగా లైనే, నెలకోసారి కిరసనాయిలు డబ్బాలు పట్టుకొని నిలబడేదీ లైనే, నేను ఏబీసీడీలు దిద్దిన కాపీలో గీసి ఉండేవీ లైనులే. మాకు ఒక్కసారి కూడా తికమక రాలేదు. వచ్చేవాళ్ళకే వచ్చేది. ఒకసారి కింద నుంచి అమ్మ పుట్టింటివాళ్ళు వస్తే నానమ్మ ఎదురెళ్ళి, "మావోడు లైన్లో లేడు బాబూ, లైను మీదికెల్లినాడు, లైను పోనాదంట" అని చెప్పింది. ఇంట్లో లేడు, పట్టాల వెంబడి వెళ్ళాడు, ఫోను పాడైంది అని ఆవిడ భావం. వాళ్ళు సంచులు కింద పెట్టడానికి కూడా భయపడ్డారు. అల్లుడు పోయాడనుకున్నారేమో అని తర్వాత నాన్న చాలా రోజులు చెప్పుకొని నవ్వాడు.

ఇంగ్లీషు పాఠం చెప్పేటప్పుడు నాకు తోచేది, ఆ మాటకి అచ్చంగా సరిపోయే తెలుగు మాట వరస అని. వరస అంటే బారు. వరస అంటే చుట్టరికం కూడా. మా లైన్లో ఈ రెండూ ఒకటే. నూకాలమ్మ నాకు పెద్దమ్మ, గ్యాంగ్‌మేన్ సుక్రన్న మావయ్య, అతని తల్లి నానమ్మకి అప్ప, అంటే అక్క. మేం కింద నుంచి వచ్చినవాళ్ళం, వాళ్ళు కొండవాళ్ళు, నూకాలమ్మది ఇంకెక్కడో సముద్రం ఒడ్డు. ఎవరి కులం వాళ్ళ ఇంట్లో ఉండేది, గుమ్మం బయటికి వచ్చాక అంతా వరసలే. నాన్న ఒక్కడే ఎవరినీ వరస పెట్టి పిలిచేవాడు కాదు. మాస్టారు కదా, అందరికీ పేర్లూ ఉద్యోగాలే.

నాన్న గురించి చెప్పాలంటే లైన్ క్లియర్ గురించి చెప్పాలి. అప్పుడు అక్కడ ఉన్నది ఒకే దారి. పై స్టేషనుకీ మా స్టేషనుకీ మధ్య ఒకసారి ఒక బండే ఉండాలి. పై మాస్టారు ఫోన్లో అడిగితే, దారి ఖాళీగా ఉంటే నాన్న "లైన్ క్లియర్" ఇస్తాడు. ఇచ్చాక ఆ దారి ఆ బండిది, దేవుడి రథం వచ్చినా ఇంకోదానికి ఇవ్వడానికి వీల్లేదు. నాన్నకి అది రైల్వే రూలు మాత్రమే కాదు, బతుకు తీరు. స్నానాలగది ముందు నిలబడి "లైన్ క్లియరా?" అని అడిగేవాడు. రెండోసారి అన్నం వడ్డించబోతే కంచం మీద చెయ్యి అడ్డుపెట్టి "లైన్ క్లియర్ లేదు" అనేవాడు. ఇస్తానన్నది ఇవ్వకుండా మానడం, వస్తానన్న చోటికి వెళ్ళకపోవడం ఆయన ఎరగడు. తాతయ్య పోయేసరికి చిట్టత్త ఇంకా ఉయ్యాల్లో ఉందట. నాన్నే చంకనేసుకొని తిప్పాడు, నాన్నే బళ్ళో వేశాడు, బదిలీ అయిన ప్రతి చోటికీ వెంట తీసుకెళ్ళాడు. అత్తకి అన్నయ్యా నాన్నా ఆయనే. ఆవిడ వంకాయ కూర వండితే ఆయన కంచం మీద చెయ్యి అడ్డుపెట్టడం మరిచిపోయేవాడు.

చివరి ఒంటిగదిలో ఉండేవాడు బొంజుబాబు. ఫోను తీగలు చూసే లైన్‌మేన్. అరకు అవతల కొండల్లోని ఊరు, ఆశ్రమ పాఠశాలలో చదువుకున్నాడు. తక్కువ మాట్లాడేవాడు, ఎక్కువ ఎక్కేవాడు. స్తంభమైనా, చెట్టైనా, కొండైనా అతనికి ఒకటే. రోజూ పొద్దున్న తీగల వెంబడి నడుచుకుంటూ పోయి, ఎక్కడో ఒక స్తంభానికి చేతిఫోను తగిలించి, "హలో, లైన్ టెస్టింగ్" అనేవాడు. స్టేషన్లో నాన్న "ఓకే" అనేవాడు. అక్కడితో ఆ పూట వాళ్ళ సంభాషణ పూర్తి. చిట్టత్త ఊటనీళ్ళకి వెళ్ళే దారీ, తీగలు వెళ్ళే దారీ కొంత దూరం ఒకటే. ఆ కొంత దూరంలోనే అంతా జరిగింది. ఊట నుంచి ఇంటికి నీళ్ళు రావడం రోజురోజుకీ ఆలస్యమవుతోందని అమ్మ విసుక్కోవడం నాకు గుర్తు. తెచ్చిన బిందెలో ఒక్కోసారి పిప్పలి కాయలో, అడవి నిమ్మకాయలో తేలుతూ ఉండేవి. అవి ఎక్కడివని అడిగితే, చెట్టు మీంచి పడ్డాయని అత్త చెప్పేది. ఊట దగ్గర నిమ్మచెట్టు లేదు.

ఒకనాడు నూకాలమ్మ పెద్దమ్మ పెరటి గుమ్మం దగ్గర నిలబడి, నవ్వాపుకొంటూ, "మీ ఆడబడుసుకి బొంజుబాబు లైనేత్తన్నాడమ్మా" అని అమ్మ చెవిన వేసింది. అమ్మ పల్లెటూరి మనిషి, ఆ మాటకి కొత్తగా వచ్చిన అర్థం ఆవిడదాకా ఇంకా రాలేదు. బొంజుబాబు పని లైను వెయ్యడమే కదా. స్టేషన్ నుంచి మా ఇంటికి ఫోను తీగ లాగుతున్నాడనీ, అందులోనూ మొదటి మాట ఆడబడుచుతోనే మాట్లాడిస్తాడనీ ఆవిడ అర్థం చేసుకుంది. తెగ సంబరపడింది. ఇంట్లో ఫోనుంటే నాన్న ఎప్పుడు భోజనానికి వస్తాడో ముందే తెలుస్తుంది కదా అని ముందుగదిలో గూట్లోని దేవుడి పటాన్ని పక్కకి జరిపి ఫోనుకి చోటు కూడా చేసింది. వారం తిరక్కుండా లైనంతటికీ చెప్పింది, మా చిట్టికి బొంజుబాబు లైనేస్తున్నాడు, ఎంత మంచి కుర్రాడో అని. విన్నవాళ్ళంతా కొంగు నోటికి అడ్డం పెట్టుకొని "అవునమ్మా, శానా మంచోడు" అన్నారు. వదినగారు ఇంత బాహాటంగా ఒప్పుకున్నాక ఇంకేం కావాలని అత్త కూడా అనుకుందట.

చివరికి అమ్మ నాన్నతో, ఆ తీగేదో బేగి వేయించండీ అంది. నాన్న, ఇంటికి ఫోను పర్మిషనే రాలేదే, లైను వెయ్యడమేమిటి అని మర్నాడు స్టేషన్లో అందరి ముందూ అడిగాడు. పాయింట్‌మేన్ నవ్వాపుకోలేక జెండా కింద పడేశాడట. ఆ నవ్వులో నాన్నకి అర్థమైంది. సాయంత్రం ఇంటికి వచ్చి, గూట్లో పక్కకి జరిపిన దేవుడి పటాన్ని చూసి, దాన్ని మళ్ళీ మధ్యకి జరిపాడు. ఆ వెంటనే సెలవు పెట్టి కిందికి, శృంగవరపుకోట వెళ్ళాడు.

తిరిగి వచ్చింది ఒక మధ్యాహ్నం. నానమ్మ అరుగు మీద చేటలో చోళ్ళు చెరుగుతోంది, అత్త నాకు జడ వేస్తోంది. నాన్న టోపీ తీయకుండానే చెప్పాడు. కోటలో బియ్యం మిల్లు గుమాస్తా సంబంధం, మంచి కుటుంబం, మాఘంలో ముహూర్తం, తను మాట ఇచ్చేశాడు. "లైన్ క్లియర్ ఇచ్చేశాను" అన్నాడు. నా జడలో అత్త చేతులు ఆగిపోయాయి. అరిచి ఏడుస్తుందనుకున్నాను. ఆవిడ జడ చివర రిబ్బను ముడి వేసి, లేచి, నెమ్మదిగా అడిగింది.

"బండి కదిలినాదా అన్నయ్యా?"

"ఇంకా లేదు."

"కదలకముందైతే లైన్ క్లియర్ కేన్సిల్ సెయ్యొచ్చని నువ్వే కదా సెప్పినావు. రూలుంది కదా."

రూలు ఉంది. ఎవరో రౌడీ వచ్చి ఎదురు తిరిగినా తడబడని మనిషి, రూలు ఎదురు తిరిగేసరికి చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియక నిలబడ్డాడు. చివరికి, "అది కాదు చిట్టీ. అతను మన లైను కాదు" అన్నాడు. కులం అన్న మాట నోటి దాకా వచ్చి, కొండవాడు అన్న మాట కూడా వచ్చి, ఆ రెంటి బదులూ ఆ ఇంగ్లీషు ముక్క పడింది. చదువుకున్నవాళ్ళకి ఇంగ్లీషుతో ఉన్న పెద్ద సదుపాయం ఇదే, చెప్పడానికి సిగ్గేసేవి అందులో చెప్పొచ్చు.

చేట పక్కన పెట్టి నానమ్మ తలెత్తింది. "మన లైను కాకపోడమేట్రా? ఆ సివరి గది ఆడిది కాదేటి? మొన్న నాకు జొరమొత్తే వానలో మోసుకెల్లి బండెక్కించినోడు ఆడే కదా. నువ్వు డ్యూటీలో ఉన్నావు. మన లైనోడు కాపోతే ఎందుకు మోత్తాడు?" నానమ్మకి నాన్న అన్నది నిజంగా అర్థం కాలేదా, లేక పూర్తిగా అర్థమయ్యే అలా అందా అని నేను ఎన్నోసార్లు ఆలోచించాను. ఆవిడ మొహం మాత్రం చోళ్ళలో రాయి ఏరుతున్నప్పటి మొహంలాగే ఉంది. నాన్న డ్యూటీ వేళ కాకపోయినా మళ్ళీ స్టేషనుకి వెళ్ళిపోయాడు.

ఒక్క విషయంలో నాన్నని మెచ్చుకోవాలి. పెళ్ళి ఆపమని ఎవరినీ బెదిరించలేదు, అత్తని గదిలో పెట్టి గొళ్ళెం వెయ్యలేదు. తనే మళ్ళీ కోట వెళ్ళి, ఆ పెద్దల ముందు నిలబడి నానా మాటలూ పడి, మాట వెనక్కి తీసుకొని వచ్చాడు. కాని బొంజుబాబు ఊళ్ళో పెళ్ళినాడు మాత్రం, ఇంకొకరి డ్యూటీ కూడా తనే అడిగి వేసుకున్నాడు. అమ్మా నానమ్మా నన్ను తీసుకొని వెళ్ళారు. థింసా ఆడే ఆడవాళ్ళ బారులో నన్నూ నిలబెట్టి నడుం చుట్టూ చేతులు వేశారు. తెల్లచీరలో అత్త దారి వైపే చూస్తూ కూర్చుంది. ఆ తర్వాత బొంజుబాబుకి పై స్టేషనుకి బదిలీ అయింది, అడిగి చేయించుకున్నాడని అన్నారు. అన్నయ్య నోటితో పిలిస్తేగాని గుమ్మం తొక్కనని అత్త, నా చెల్లెలు నాకు చెప్పకుండానే అంతదాకా వెళ్ళింది కదా అని నాన్న. ఇద్దరిదీ ఒకే రక్తం, ఒకే మొండి. మధ్యలో ఉన్నది ఒక్క సొరంగం, కొన్ని మలుపులూను.

తమాషా ఏమిటంటే, నాన్న మాట్లాడనిది చెల్లెలితోనే. బొంజుబాబుతో రోజూ మాట్లాడక తప్పేది కాదు. పొద్దున్న "హలో, లైన్ టెస్టింగ్" అని అతను, "ఓకే" అని ఈయన. ఒక్క అక్షరం ఎక్కువా లేదు, తక్కువా లేదు. నానమ్మ మాత్రం నాన్న ఇంటికి రాగానే, "ఇయ్యేల టెస్టింగయినాదా?" అని అడిగేది. అయిందంటే, కూతురు కాపురం చల్లగా ఉందని ఆవిడ లెక్క. ఇంట్లో వంకాయ కూర అమ్మే వండేది. బాగానే ఉండేది. నాన్న మధ్యలోనే కంచం మీద చెయ్యి అడ్డుపెట్టేవాడు. నాకు అత్త మీద బెంగగా ఉండేది, నాన్న మీద కోపంగా ఉండేది, ఎవరికీ చెప్పుకోవడానికి లేక ఎప్పుడూ ఆ చివరి గది మెట్టు మీద కూర్చొని చదువుకొనేదాన్ని.

ఒక ఏడు వానాకాలం వెళ్ళేటప్పుడు తుఫాను పట్టింది. చెట్లు కూలి స్తంభాలు పడిపోయాయి, ఫోను మూగబోయింది. ఫోను లేకపోతే లైన్ క్లియర్ లేదు, లైన్ క్లియర్ లేకపోతే బండి లేదు. ఎక్కడి బళ్ళు అక్కడే ఆగిపోయాయి. పై మలుపుల్లో కొండ జారిందనీ, లైన్‌మేన్ పొద్దున్నే ఒంటరిగా తీగ వెంబడి బయల్దేరాడనీ, ఎక్కడున్నాడో తెలియదనీ గ్యాంగ్‌మెన్ వచ్చి చెప్పారు. మర్నాడు మధ్యాహ్నం దాకా అదే కబురు. నానమ్మ అన్నం ముట్టలేదు. టెస్టింగ్ కాని మొదటి రోజు అది. అమ్మ నాకు కేరియర్ ఇచ్చి స్టేషనుకి పంపింది. వరండాలో గొడుగు విదిలిస్తూ కిటికీలోంచి చూశాను. నాన్న ఫోను చెవికి ఆనించుకొని కూర్చున్నాడు. ఉన్నట్టుండి లేచి నిలబడ్డాడు, మళ్ళీ కూర్చున్నాడు. ఏదో అడిగాడు, విన్నాడు, మళ్ళీ ఏదో అన్నాడు. తర్వాత టోపీ తీసి దానితోనే మొహం తుడుచుకున్నాడు. వాన హోరులో నాకు మాటలేవీ వినబడలేదు. ఆ ఆదివారం అత్తా బొంజుబాబు మావయ్యా మా ఇంట్లో భోజనం చేశారు. ఎలా జరిగిందని నేను అడగలేదు. పెద్దవాళ్ళ సంగతులు వాటంతట అవే చక్కబడతాయని పిల్లలు అనుకుంటారు కదా, నేనూ అనుకున్నాను.

ఇన్నేళ్ళ తర్వాత ఇప్పుడు నేను పాసింజరు దిగేసరికి చిట్టత్త ప్లాట్‌ఫారం మీద ఉంది. నెత్తికి తువ్వాలు, చేతిలో సంచి, సంచిలో నా కోసం అడ్డాకుల్లో చుట్టిన భోజనం. మావయ్య పోయినప్పటి నుంచీ ఆవిడ అరకులో కూతురి దగ్గరే ఉంటోంది. ఇద్దరం నెమ్మదిగా పైకి ఎక్కాం. మా లైను సగం లేదు. పసుపు యంత్రం ఒకటి మా ముందుగది గోడని ఒక్క తోపుతో పడేసింది, అంత తేలిగ్గా పడిపోతుందని నాకు తెలియదు. కూలిన గోడకి లోపలి వైపు ఎవరో తర్వాతివాళ్ళు వేసుకున్న గులాబీ రంగు. ఆ ఇల్లు మాది కాకుండా పోయి ఎన్నేళ్ళయిందో ఆ రంగు చూశాక తెలిసింది. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

కొంచెం అవతల రాయి మీద కూర్చొని తిన్నాం. మా మనవరాలికి సంబంధాలు చూస్తున్నారా అని అత్త అడిగింది. చూస్తున్నాం, అంతా ఆన్‌లైన్లోనే అని చెప్పాను. కులం, ఉపకులం, జీతం, ఎత్తు అన్నీ ముందే నొక్కితే మనకి తగినవాళ్ళే వస్తారు, మిగతావాళ్ళు మన కంటికే కనబడరు అని కూడా చెప్పాను. మా అమ్మాయి రోజూ సాయంత్రం అదే పని మీద ఉంటుంది. అత్త నోట్లో ముద్ద అలాగే పెట్టుకొని విని, "అయితే మీ నాన్న ఒక్కడూ సేసిన పని ఇప్పుడు ఫోను సేత్తాదన్నమాట" అంది. నేను నవ్వాను గాని, అంత బాగా నవ్వు రాలేదు. అప్పటికీ ఇప్పటికీ దారులు రెండవుతున్నాయి, బళ్ళు పెరిగాయి, ఫోను మూగబోవడమనేది లేదు. ఎవరు ఎవరి లైనో తేల్చే పని మాత్రం అలాగే ఉంది, కాకపోతే నాన్నలా నోరు తెరిచి చెప్పి, అవతలివాళ్ళ మొహం చూడాల్సిన కష్టం తప్పింది.

అప్పుడు అడిగాను, ఆ తుఫాను రోజు నాన్న ఫోన్లో ఏమన్నాడని. అత్త నన్ను వింతగా చూసింది. "నీకు తెల్దేటి? కోట కాడి నుంచి అరకు దాకా అందరికీ తెల్సు" అంది. ఆ కంట్రోలు ఫోనుకి ఉన్న తీగ ఒక్కటే కదా, ఒక చోట మాట్లాడితే దారిలోని స్టేషన్లన్నిటికీ వినబడుతుంది. ఆ రోజు లైను ఎప్పుడు కలుస్తుందా అని ప్రతి మాస్టారూ ఫోను చెవికి పెట్టుకొనే ఉన్నాడు.

మావయ్య జాడ తెలియక అత్త తనే అన్నం మూట కట్టుకొని తీగ వెంబడి బయల్దేరిందట. జారిన కొండ అవతల స్తంభం మీద కనిపించాడు. రాత్రంతా ఒక గుహలో తలదాచుకొని, తెల్లవారి మళ్ళీ ఎక్కాడు. తెగిన కొనలు రెండు చేతులతోనూ పట్టుకొని ఉన్నాడు, వదిలితే మళ్ళీ జారిపోతాయి. కింద వేలాడుతున్న చేతిఫోను చూపించి, నా చేతులు ఖాళీ లేవు, ఆ రెండు ముక్కలూ నువ్వే అను అన్నాడట. ఎత్తేది ఎవరో ఆవిడకి తెలుసు. వద్దంటే బళ్ళు కదలవు.

అత్త చెయ్యి కడుక్కొని, కొంగుతో తుడుచుకొని, ఆ మాటలు ఒక్కొక్కటే చెప్పింది.

"హలో, లైన్ టెస్టింగ్ అన్నాను. ఎవరూ అన్నాడు. నాను సిట్టినన్నయ్యా అన్నాను. మరి సప్పుడు లేదు. మల్లీ తెగిపోనాదనుకున్నాను. లైన్లో ఉన్నావా అన్నయ్యా అని అరిసినాను. ఉన్నాను, లైన్లోనే ఉన్నాను అన్నాడు. మిగిలినోలందరూ కూడా లైన్లోనే ఉన్నారు, ఒక్కడూ దగ్గలేదు. అప్పుడడిగినాడు, అతనెక్కడున్నాడని. పోలు మీదున్నారన్నాను. దెబ్బలేటైనా తగిలినాయా అన్నాడు. లేదన్నాను. జాగ్రత్తగా దిగమను అన్నాడు. నాను ఊ అన్నాను. పెట్టేత్తాడనుకున్నాను. పెట్టలేదు. బావని, అన్నాడు. బావని జాగ్రత్తగా దిగమను అన్నాడే సత్తీ, అన్ని టేసన్లూ ఇంటన్నాయి."

కింద మలుపులో గూడ్సు కూత వేసింది. అత్త అది పోయేదాకా ఆగింది.

"పైనుంచి మీ మావయ్య, ఏటి, లైను కలిసినాదా లేదా అని ఒకటే కేకలు. కలిసినాది, ఇంక ముడేసీసి దిగు, అన్నయ్య నిన్ను జాగర్తగా దిగమన్నాడు అని సెప్పినాను. దిగలేదు. ఆ తీగ రొండు సేతుల్తోటీ అలాగే పట్టుకొని, శానాసేపు, పైనే ఉండిపోనాడు."